ఎవరి చొక్కా వాళ్ళు కోసుకోరాదు

ఓరిన్ హెట్రిక్ తుపాకి దట్టించేటప్పుడు రెండు గొంతులతో మాట్లాడతాడు.

"మందు పడిందా?" అంటాడు బొంగురు గొంతుతో.

"పడింది," అంటాడు మామూలు గొంతుతో.

"గుడ్డ?"

"పెట్టా."

"గుండు?"

"దిగింది."

మామూలు గొంతు తనది. బొంగురు గొంతు మెర్ల్ స్టోవర్‌ది. మెర్ల్ చచ్చిపోలేదు. కొండకి అవతల, ట్రక్కులో ఇరవై నిమిషాల దూరంలో, తన ఇంట్లో నిక్షేపంగా ఉన్నాడు. ఇద్దరికీ మాటలు పోయి తొమ్మిదేళ్ళయింది, అంతే. ఓరిన్ మనిషిని వదులుకున్నాడు గానీ, ఆ మనిషి అడిగే ప్రశ్నని వదులుకోలేదు.

దానికి కారణం ఉంది. మూతిలోంచి దట్టించే తుపాకికి ముందు మందు పొయ్యాలి. తర్వాత ఉమ్మితో తడిపిన గుడ్డలో చుట్టిన సీసపు గుండుని కర్రతో అడుగంటా దింపాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడో, ధ్యాస ఎటో ఉన్నప్పుడో మనిషి మందు మరిచిపోయి గుండు దింపేస్తాడు. దాన్ని ఒట్టి గుండు అంటారు. అది పేలదు, ఊడిరాదు, సీసాలో లోపలికి పోయిన బిరడాలా కూచుంటుంది. ఈ తుపాకులు పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే ఇది. నేను చెయ్యలేదన్నవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, రేపైనా చెయ్యబోతుండాలి. అందుకే క్యాంపులో ఎవరూ ఒంటరిగా దట్టించకూడదని కట్టుబాటు. ఒకడు దట్టిస్తుంటే ఇంకొకడు పక్కన నిలబడి అడగాలి.

క్యాంపంటే పెద్దగా ఏమీ లేదు. పెన్సిల్వేనియా కొండల మడతలో ఒక చెక్క గది, నాలుగు మంచాలు, ఒక ఇనప పొయ్యి. ఫాస్టర్ బింగమన్, డేల్ కెర్‌స్టెటర్, మెర్ల్, ఓరిన్ కలిసి కట్టుకున్నారు. క్రిస్మస్ మర్నాడు మొదలై మూడు వారాలు సాగే చెకుముకి తుపాకుల వేటకి నలుగురూ వచ్చి అక్కడే పడి ఉండేవాళ్ళు. ఫాస్టర్ గుండెజబ్బుతో పోయాడు, డేల్ ఊపిరితిత్తులతో పోయాడు. మెర్ల్ సంగతి చెప్పాను కదా. డెబ్భై ఆరేళ్ళ ఓరిన్ ఇప్పుడు నాలుగు మంచాల గదిలో ఒక మంచం మీద పడుకుంటున్నాడు. మిగతా మూడింటి మీదా దుప్పట్లు మడతపెట్టే ఉంటాయి. ప్రతి ఏడూ వాటిని దులిపి మళ్ళీ మడతపెడతాడు.

ఆ శుక్రవారం పొద్దున కూడా అరుగు మీద నిలబడి తుపాకి దట్టించబోయాడు. రాత్రి కురిసిన మంచు గట్టిపడి ఉంది. "మందు పడిందా?" అన్నాడు. మెర్ల్ గొంతు రాలేదు. తన గొంతే కాస్త జలుబు చేసినట్టు వినిపించింది. ఓరిన్ ఆగాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. ఈసారి డేల్ గొంతులా ఉంది. అతనికి భయం వేసింది. మెర్ల్ ఆ మాటని ఎలా సాగదీసేవాడు? చివర పైకెత్తేవాడా, కిందికి దించేవాడా? మంచులో నిలబడి అయిదారుసార్లు అని చూసుకున్నాడు. ఆఖరికి దగ్గరదగ్గరగా వచ్చిందనిపించింది. ప్రాణం కుదుటపడింది.

"పడింది," అన్నాడు సంతోషంగా, గుడ్డ నాలిక మీద తడుపుకుంటూ.

తొమ్మిది గంటలకి కొండ నడుమున, పడిపోయిన హెమ్లాక్ మాను వెనక కూచుని ఉండగా దుప్పి వచ్చింది. ఎనిమిది కొమ్మల మొనగాడు. ముప్ఫై అడుగుల దూరంలో పక్కకి తిరిగి నిలబడి మంచు కింద గడ్డి వెతుక్కుంటోంది. ఓరిన్ అలాంటి అవకాశం కోసమే చూస్తాడు. తొమ్మిదేళ్ళలో అతని గురి ఒక్కసారీ తప్పలేదు, ఎందుకంటే తప్పే అవకాశముంటే అసలు కాల్చడు. తుపాకి మెల్లగా ఎత్తాడు. మీట నొక్కాడు. చెకుముకి రాయి ఉక్కు పలకని గీరింది, తుపాకి పక్కనున్న చిన్న గిన్నెలోని రంజకం, అంటే నిప్పంటించే సన్నటి మందు, భగ్గున వెలిగి తెల్లటి పొగ లేచింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

దుప్పి తలెత్తి పొగకేసి చూసింది. రంధ్రం పూడుకుపోయి ఉంటుందనుకున్నాడు ఓరిన్. గిన్నెలో వెలిగిన నిప్పు లోపలి మందుకి అందేది గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రంలోంచే. జేబులోంచి సూది తీసి రంధ్రంలో పొడిచాడు, చిన్న కొమ్ములోంచి మళ్ళీ రంజకం పోశాడు. ఇదంతా చేస్తున్నా ఆ జంతువు అక్కడే నిలబడి ఉంది. దానికీ ఈ ముసలాయన ఏం చేస్తాడో చూడాలనిపించినట్టుంది. మళ్ళీ మీట నొక్కాడు. మళ్ళీ మెరుపు, మళ్ళీ పొగ. దుప్పికి ఇక విసుగొచ్చింది. తెల్లటి తోక ఎత్తుకుని, పెద్ద తొందరేమీ లేకుండా చెట్లలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఓరిన్ దట్టించే కర్ర తీసి గొట్టంలోకి దింపాడు. ఆ కర్ర మీద రెండు గీతలుంటాయి, ఖాళీ తుపాకికి ఒకటి, దట్టించిన తుపాకికి ఒకటి. కర్ర రెండో గీత దాటి బొటనవేలి మందం కిందికి దిగిపోయింది. అంటే గుండు కింద మందు లేదు. పొద్దున గొంతు సరిచేసుకున్నాడు, మందు పొయ్యలేదు. గుండు దింపాక గీత కూడా చూసుకోలేదు.

యాభై ఏళ్ళుగా తుపాకులు చేస్తున్న మనిషి. కొనేవాడి చెయ్యి పొడుగూ, మెడ వాలూ కొలిచి చారల మేపుల్ కర్రని చెక్కేవాడు. గొట్టం లోపలి గాడులు ఎంత మెలి తిరగాలో, ఆ సన్నటి రంధ్రం గిన్నె అడుక్కి ఎంత ఎత్తున ఉండాలో కుర్రాళ్ళకి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాడు. అలాంటివాడు మంచులో కూచుని తన చేతిలోని తుపాకిని చూసి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూడ్డానికి ఒక్కడు కూడా లేడని గుర్తొచ్చి ఇంకా బాధపడ్డాడు.

క్యాంపుకి తిరిగొచ్చి తలుపు తియ్యగానే ఎదుటి గోడ కనపడుతుంది. ఆ గోడనిండా గుడ్డముక్కలు. ఎర్ర గళ్ళవి, పచ్చ గళ్ళవి, నూనె మరకలవి, ఎలకలు కొట్టినవి. దుప్పిని చూసి, మీట నొక్కి, దాన్ని నాలుగు కాళ్ళ మీద పోనిచ్చినవాడి చొక్కా వెనక అంచు కోసి గోడకి కొడతారు. ఈ కొండల్లో ప్రతి క్యాంపులోనూ ఉన్న ఆనవాయితీయే. అయితే ఈ క్యాంపులో దానికొక కాగితం ఉంది. నలభై ఏళ్ళ కిందట ఓరిన్ గుండ్రటి అక్షరాలతో రాసి అద్దం కట్టించాడు. మిగతా ముగ్గురూ అప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వుతూనే సంతకాలు పెట్టారు.

ఎవరి చొక్కా వాళ్ళు కోసుకోరాదు, సభ్యుడే కొయ్యాలి. కోసినవాడే పేరూ, కారణమూ రాయాలి. ఒట్టి గుండుకి సాకులు చెల్లవు. అదే రోజు పొద్దుగూకేలోపు గుడ్డ గోడకెక్కకపోతే ఆ మనిషి మరి ఈ క్యాంపు నుంచి వేటకి వెళ్ళరాదు. కింద నాలుగు పేర్లు. ఫాస్టర్ పేరు పక్కనా, డేల్ పేరు పక్కనా ఓరిన్ చిన్న శిలువ గుర్తు వేశాడు. మెర్ల్ పేరు అలాగే ఉంది.

కత్తెర మేకుకి వేలాడుతోంది. ఓరిన్ దాన్ని తీసుకుని చొక్కా అంచు వెనక నుంచి ముందుకి లాక్కున్నాడు. ఒక్క కోత, ఒక్క మేకు, అయిపోతుంది. ఈ అడవిలో ఎవరు చూస్తారు?

ఆ మాట మనసులోకి రాగానే చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే పొయ్యి పక్కన మెర్ల్ అన్న మాటే అది.

మెర్ల్‌ది ఎడమచేతి వాటం. చెకుముకి తుపాకికి రాయీ, ఉక్కూ, గిన్నే అన్నీ కుడి పక్కన ఉంటాయి. ఎడమచేతివాడు దాన్ని భుజానికెత్తితే మెరుపు సరిగ్గా మొహం మీదే లేస్తుంది. ఓరిన్ ఒక చలికాలమంతా కూచుని మెర్ల్ కోసం అన్నీ ఎడమ పక్కకి తిప్పి తుపాకి చేశాడు. స్ప్రింగులు కూడా చేత్తో ఆకురాయి పట్టినవే. తన చేతుల మీదుగా వెళ్ళిన తుపాకులన్నిటిలో అదే గొప్పదని అతని నమ్మకం. తొమ్మిదేళ్ళ కిందటి జనవరిలో మెర్ల్ ఆ తుపాకిని ఇంట్లో వదిలేసి రాగి టోపీ తుపాకి పట్టుకొచ్చాడు. దానికి రాయీ ఉండదు, మెరుపూ ఉండదు. చిటికెన గోరంత రాగి టోపీ మీద సుత్తి పడితే చాలు, పేలుతుంది. మామూలు రోజుల్లో తప్పేం లేదు. ఈ మూడు వారాలు మాత్రం చట్టం ఒప్పుకోదు. చెకుముకి నిప్పుతో పేలేది తప్ప మరొకటి అడవిలోకి తీసుకురాకూడదు.

"ఇది రూలుకి విరుద్ధం కదా," అన్నాడు ఓరిన్.

"ఈ అడవిలో ఎవరు చూస్తారురా," అన్నాడు మెర్ల్.

మర్నాడు ఆ తుపాకితోనే దుప్పిని కొట్టాడు. ఓరిన్ మాట్లాడకుండా దాన్ని ఈడ్చుకురావడానికి సాయం పట్టాడు, మాట్లాడకుండా భోంచేశాడు. ఆ మర్నాడు ఊళ్ళోకి వెళ్ళి వేట అధికారికి చెప్పేశాడు. మెర్ల్‌కి జరిమానా పడింది, మూడేళ్ళు లైసెన్సు పోయింది. చెప్పిందెవరో అధికారి నోటనే తెలిసింది. చట్టం ప్రకారం ఓరిన్ చేసింది అక్షరాలా ఒప్పు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాదతను, ఆ కుందేటికి నిజంగానే మూడు కాళ్ళున్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆ కుందేలుని కౌగిలించుకుని ఒంటరిగా కూచున్నాడు.

ఓరిన్ కత్తెర మేకుకి తగిలించాడు. గిన్నెలో మిగిలిన రంజకం మసి తుడిచేశాడు. గిన్నె ఖాళీగా ఉంటే చట్టం దృష్టిలో అది ఖాళీ తుపాకే, బండిలో పెట్టుకోవచ్చు. తుపాకి ట్రక్కులో పెట్టి కొండ దిగాడు. పొద్దుగూకడానికి ఇంకా అయిదు గంటలున్నాయి.

మెర్ల్ ఇంటి వరండా స్తంభం నుంచి కట్టెల కొట్టందాకా ఒక పచ్చ తాడు కట్టి ఉంది. ఓరిన్ దిగేసరికి మెర్ల్ ఒక చంకలో కట్టెలు పెట్టుకుని, రెండో చేత్తో ఆ తాడు పట్టుకుని వస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"ఎవరది?"

"నేను."

మెర్ల్ ఆగాడు. ఒక్క క్షణం అలాగే నిలబడి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఓరిన్ ట్రక్కుకేసి తిరిగాడు.

"వెళ్ళిపోతాలే," అన్నాడు.

"ఏం, వచ్చిందే ఇప్పుడు కదా?"

"మొహం తిప్పుకున్నావుగా."

"తిప్పుకుంటేనే నువ్వు కనపడేది. నడిమధ్య చూపు పోయి మూడేళ్ళయింది. తిన్నగా చూస్తే నీ చోట బూడిదరంగు మచ్చ కనపడుతుంది. మచ్చగానే బావున్నావనుకో." మెర్ల్ పక్కచూపుతోనే అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏం పని మీద వచ్చావు?"

"చొక్కా కొయ్యాలి."

"ఎవరిది?"

"నాది."

"గురి తప్పిందా? నీకా?"

"గురి కాదు," అన్నాడు ఓరిన్ నేలకేసి చూస్తూ. "ఒట్టి గుండు."

మెర్ల్ పెదాలు బిగించాడు. కొంచెంసేపే బిగించగలిగాడు. తర్వాత చంకలో కట్టెలు ఒక్కొక్కటే జారి మంచులో పడుతుంటే, స్తంభం పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"తుపాకులు చేసే మొనగాడివి," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "కాఫీ పొడి వెయ్యకుండా గంటసేపు నీళ్ళు కాచినట్టుంది. ఫాస్టర్‌గాడు ఉండుంటే ఊరంతా దండోరా వేసేవాడు."

"వేసేవాడే."

"కానీ నేను సభ్యుణ్ని కాదు కదా."

"నీ పేరు కొట్టెయ్యలేదు."

"ఎందుకని?"

"కొట్టెయ్యాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి."

"సభ్యులంటే ఇంకెవరున్నార్రా? నువ్వొక్కడివేగా."

"నువ్వూ ఉన్నావు. నువ్వు ఒప్పుకోలేదుగా."

ఓరిన్ వంగి కట్టెలు ఏరాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఇల్లంతా కొత్త సంవత్సరం నాటి పంది మాంసం, పులిసిన కాబేజీ వాసన. ఒక్కడి కోసం వండుకున్నది వారమైనా అయిపోలేదు. గోడ మీద ఎడమచేతి తుపాకి వేలాడుతోంది. ఓరిన్ అడక్కుండానే దగ్గరికెళ్ళి వేలితో తడిమాడు. ఎక్కడా తుప్పు లేదు. వేలికి తాజా నూనె అంటింది.

"ఆదివారం ఆదివారం తుడుస్తా," అన్నాడు మెర్ల్ వెనక నుంచి. "దానికి కళ్ళక్కర్లేదు. నీ తుపాకి ఇటు తే. గుండు తీశావా?"

"తియ్యలేదు."

"ఒక్కడివే తీసుకోలేవా ఏం?"

ఓరిన్ జేబులోంచి గుండు లాగే మర తీశాడు. తీసుకోగలడు. రంధ్రంలోంచి నాలుగు పలుకులు మందు ఎక్కించి పేల్చేస్తే అదే పోతుంది. ఆ సంగతి మెర్ల్‌కీ తెలుసు. ఇళ్ళ దగ్గర పేల్చకూడదన్న రూలుంది గనక ఇక్కడ అలా కుదరదు, ఇద్దరూ కలిసి లాగాల్సిందే. మెర్ల్ కుర్చీలో కూచుని తుపాకి మడమని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. ఓరిన్ దట్టించే కర్ర చివర మర బిగించి, లోపలి గుండులోకి తిప్పి, కాలు కుర్చీకి తన్నిపెట్టి లాగాడు. మూడోసారికి గుండు ఊడివచ్చింది. ఓరిన్ వెనక్కి పడి కట్టెల పెట్టె మీద కూలబడ్డాడు. మెర్ల్ గుండు చేతిలోకి తీసుకుని గుడ్డని వేళ్ళతో నలిపి వాసన చూశాడు.

"మందు అంటలేదు. నిజమే చెప్పావు. మందు పడిందా అని అడిగిందెవరు?"

"నేనే."

"పడిందన్నది?"

"నేనే."

"ఇంకేం. దొంగా నువ్వే, జడ్జీ నువ్వే."

"పొద్దున నీ గొంతు రాలేదు," అన్నాడు ఓరిన్. "ఎంత ప్రయత్నించినా డేల్ గొంతులా వస్తోంది. అది సరిచేసుకోవడంలో పడి మందు మరిచిపోయా."

మెర్ల్ చేతిలో గుండు తిప్పడం ఆపేశాడు.

"నా గొంతుతో అడుగుతావా?"

"ఊఁ."

"తొమ్మిదేళ్ళ నుంచీ?"

"ఊఁ."

"ఇంట్లో ఫోనుంది కదరా నాకు," అన్నాడు మెర్ల్.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. ఓరిన్ కట్టెల పెట్టె మీద నుంచి లేవలేదు. మెర్లే మళ్ళీ మొదలుపెట్టాడు.

"జరిమానా కట్టా. దానికేం బాధ లేదు. తప్పు చేశా, కట్టా. నువ్వు నా మొహం మీద చెప్పుండాల్సింది, ఓరిన్. 'ఒరే, నేను వెళ్ళి చెప్పేస్తున్నా' అని ఒక్క మాట. నాతోపాటు దుప్పి కాళ్ళు పట్టుకుని ఈడ్చావు, నా చేతి వంట తిన్నావు. అప్పటికే చెప్పాలనుకున్నావా?"

"అనుకున్నా."

"ముందే చెప్తే నేను మానేవాణ్నని కాదు. మానేవాణ్ని కాదు. అయినా చెప్పాలి."

ఓరిన్ తన చేతులకేసి చూసుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా మంచం మీద పడుకుని లోపల లోపల చెప్పుకుంటున్న జవాబులన్నీ సిద్ధంగానే ఉన్నాయి. చట్టం, నియమం, నలుగురి సంతకాలు. ఒక్కటీ నోటికి రాలేదు.

"రూలు కోసం చెప్పలేదు మెర్ల్," అన్నాడు. "రూలు కోసమే అనుకున్నా ఇన్నాళ్ళూ. నేను చేసిన తుపాకి ఇంట్లో పడేసి ఆ రాగి టోపీది పట్టుకొచ్చావని ఒళ్ళు మండింది. ఒక చలికాలమంతా కూచుని చేశా దాన్ని."

"నాకు తెలీదా?"

"మరెందుకు వదిలేశావు?"

"కంటికి ఆపరేషనైంది ఆ శరదృతువులో. మొహం దగ్గర మెరుపులు వద్దన్నాడు డాక్టరు. ఒక్క ఏడాది ఓర్చుకోమన్నాడు. నువ్వేమో తుపాకి మీద ఈగ వాలినా ఊరుకోవు. నీ తుపాకి వాడలేనని ఎలా చెప్పను? అడవిలో ఎవరు చూస్తారు అని తమాషాగా అనేశా."

"నాతో చెప్పలేదేం?"

"నువ్వు నాతో చెప్పావా?"

ఒక్క మాట చెప్పుకుని ఉంటే తీరిపోయే దానికి ఇద్దరూ కలిసి తొమ్మిది చలికాలాలు ఖర్చుపెట్టారు. "తప్పు చేశాను," అన్నాడు ఓరిన్.

"చేశావు," అన్నాడు మెర్ల్. "ఇవాళ కూడా నీ అంతట నువ్వు రాలేదు. ఆ గోడ మీది కాగితం పంపిస్తే వచ్చావు. కోటు విప్పి వెనక్కి తిరుగు."

చల్లటి వేళ్ళు నడుం మీద తగిలాయి. మెర్ల్ చొక్కా అంచు పట్టుకుని తడుముకుంటూ కోశాడు. అంచు అంటే నాలుగంగుళాలు. మెర్ల్ కత్తెర వీపు మధ్యదాకా వెళ్ళింది. కనపడక అంత పైకి కోశాడో, కనపడినంత మేరకి కావాలనే కోశాడో ఓరిన్ అడగలేదు. మెర్ల్ గుడ్డని బల్ల మీద పరిచి, ముక్కు దానికి ఆనించి, తల పక్కకి వాల్చి నల్ల సిరాతో చాలాసేపు రాశాడు. నాలుగు మడతలు పెట్టి ఓరిన్ కోటు జేబులో కుక్కాడు.

"గోడకి కొట్టేదాకా చదవకు. రూలు."

"అలాంటి రూలు లేదు."

"ఇవాళ్టి నుంచి ఉంది. ఒక సభ్యుడు ప్రతిపాదించాడు."

"సరే, రెండోవాడు ఒప్పుకున్నాడు." ఓరిన్ కోటు తొడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "రేపు రారాదూ? నేనొచ్చి తీసుకెళ్తా. వేట మాట వదిలెయ్. పొయ్యి దగ్గర కూచుందువుగాని."

మెర్ల్ తడుముకుంటూ కత్తెర సొరుగులో పెట్టేశాడు.

"రాను," అన్నాడు. "కళ్ళ వల్ల కాదు. ఆ గదిలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా చెప్తా. నా కోపం ఎప్పుడో పోయిందనుకున్నా ఓరిన్. ఇందాక నీ గొంతు వినగానే ఇంకా ఉందని తెలిసింది. పెద్దదేం కాదు. కానీ ఉంది."

ఓరిన్ తలూపాడు. ఊపితే అతనికి కనపడదని గుర్తొచ్చి, "సరే," అన్నాడు.

క్యాంపు చేరేసరికి ఎండ కొండ అంచుకి వెళ్ళిపోయింది. మేకు నోట్లో పెట్టుకుని, సుత్తి తీసుకుని గుడ్డ మడతలు విప్పాడు. డేల్ ఆకుపచ్చ గళ్ళకీ, మెర్ల్ పాత ఎర్ర గళ్ళకీ మధ్య కాస్త జాగా ఉంది. అక్కడ పరిచి కొట్టాడు. కొట్టాకే చదివాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వరస తప్పి, గుడ్డ అంచులు దాటిపోయి ఉన్నాయి.

"ఓరిన్ హెట్రిక్. మందు పొయ్యలేదు. పక్కన అడిగేవాడు లేడు. కోసినవాడు మెర్ల్ స్టోవర్."

ఓరిన్ రెండుసార్లు చదివాడు. చొక్కా లేని చోట వీపుకి చలి కొడుతోంది. పొయ్యి రాజెయ్యాలని తెలుసు గానీ కదలబుద్ధి కాలేదు. మూడు మంచాల మీదా దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ గదిలో తనొక్కడే మిగిలాడని తన మీద తనే జాలిపడేవాడు. కొండకి అవతల ఇంకొకడు తాడు పట్టుకుని కట్టెలు తెచ్చుకుంటూ, ఒక్కడి కోసం వండుకుని వారమంతా తింటూ, ఆదివారం ఆదివారం తుపాకి తుడుచుకుంటున్నాడని ఒక్కసారీ తట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా లేచాడు. తుపాకి అరుగు మీద దట్టించలేదు. ఆ కొండ మడతలో ఫోను పలకదు. తుపాకి, మందు నింపిన కొమ్ము, మందు కొలిచే గొట్టం పట్టుకుని మంచులో అరమైలు నడిచి రోడ్డు మలుపు దాకా ఎక్కాడు. ఒక సరిహద్దు రాయి పక్కన రెండడుగుల మేర నిలబడితే ఫోను పలుకుతుంది. అక్కడ తుపాకి మడమ బూటు మీద ఆనించి నిలబెట్టుకున్నాడు. మెర్ల్ నంబరు ఎక్కడా చూసుకోనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా మారలేదు.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు.

"ఎవరు?"

"నేను. తుపాకి దట్టిస్తున్నా."

అవతల మంచం కిర్రుమంది. గోడ గడియారం కొట్టుకోవడం వినిపించింది. లైను తెగిపోయిందేమోనని ఓరిన్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. అప్పుడొచ్చింది గొంతు. తొమ్మిదేళ్ళుగా తను అనుకరిస్తున్నంత బొంగురుగా లేదు. సన్నబడింది, నిద్రమత్తులో వణుకుతోంది. తను పెట్టిన గొంతుకీ దీనికీ పోలికే లేదు.

"మందు పడిందా?"

పడింది అనేది ఓరిన్ నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఫోను మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని కొమ్ము బిరడా తీశాడు.

"ఉండు," అన్నాడు. "చూసి చెప్తా."